నిల్ రిపోర్టు పంపని ప్రోగ్రాములు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక చదువుల పేజీలో ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం వస్తున్న జావా ఇంటర్వ్యూ ప్రశ్నలను, సాయంత్రం పూట నా దగ్గర చదువుకునే పిల్లలు కత్తిరించి నోటు పుస్తకాల్లో అంటించుకుంటున్నారు. పోయిన వారం వాటిలో ఒక ప్రశ్న ఇది: ఒక ఖాతాదారుడి ఆర్డర్లన్నిటినీ లిస్టుగా ఇచ్చే మెథడ్ రాస్తున్నప్పుడు, ఆయన పేరు మీద ఒక్క ఆర్డరు కూడా లేకపోతే ఆ మెథడ్ ఏమి రిటర్న్ చేయాలి? కింద అచ్చయిన జవాబు ‘నల్ రిటర్న్ చేయాలి, ఖాళీ లిస్టు తయారుచేస్తే మెమరీ వృథా’ అని ఉంది. ఆ జవాబూ సరైనది కాదు, దానికి చెప్పిన కారణమూ సరైనది కాదు. ఒక మార్కుతో పోయే విషయమైతే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఈ జవాబును కంఠతా పట్టిన పిల్లవాడు రేపు ఉద్యోగంలో చేరి అలాగే రాస్తాడు, అతడు రాసిన మెథడ్‌ను వాడుకునే పదిమందీ దాని ఫలితం అనుభవిస్తారు. నెల్లూరులోనే ఉండి పద్దెనిమిదేళ్లుగా ప్రోగ్రాములు రాసి బతుకుతున్నవాణ్ణి కనుక ఆ ఫలితాన్ని నేనూ అనుభవించాను, ఇతరుల చేత అనుభవింపజేశాను కూడా.

ప్రోగ్రామింగ్ తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. జావా ఒక ప్రోగ్రామింగ్ భాష. మెథడ్ అంటే అడిగిన పని చేసిపెట్టే ప్రోగ్రాము ముక్క, అది తెచ్చి చేతికిచ్చే జవాబే రిటర్న్. లిస్టు అంటే ఒక సంచి అనుకోండి. ఖాళీ లిస్టు అంటే సంచి చేతికి వచ్చింది, లోపల ఏమీ లేదు. ఎన్ని ఉన్నాయని అడిగితే సున్న అని చెబుతుంది, ఒక్కొక్కటే తీసి చూపమంటే తీయడానికి ఏమీ లేక లూపు (ఒకే పనిని వరసగా ఒక్కొక్కదానికీ చేసే భాగం) ఒక్కసారి కూడా తిరగకుండా ముగుస్తుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు. నల్ అంటే సంచే చేతికి రాలేదు. రాని సంచిలో ఎన్ని ఉన్నాయని అడిగిన మరుక్షణం జావాలో నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వస్తుంది. ఎక్సెప్షన్ అంటే పని కుదరలేదని ప్రోగ్రాము పెట్టే కేక. దాన్ని పట్టుకుని సరిదిద్దే కోడు ఎక్కడా లేకపోతే జరుగుతున్న పని అక్కడికక్కడే ఆగిపోతుంది.

ఈ తేడా నాకు మొదట తెలిసింది జావా పుస్తకాల్లో కాదు. మా నాన్నగారు మండల రెవెన్యూ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. తుఫాను వెలిసిన మర్నాడు ప్రతి గ్రామం నుంచీ నష్టం వివరాలు రావలసి ఉండేది: కూలిన ఇళ్లెన్ని, చచ్చిన పశువులెన్ని, మునిగిన నారుమళ్లెన్ని. ఏ నష్టమూ జరగని గ్రామం కూడా కాగితం పంపి తీరాలి. దాన్ని ఆఫీసు మాటల్లో నిల్ రిపోర్టు అంటారు. తెలుగులో ఉత్తర్వు రాస్తే ‘శూన్య నివేదిక అయినను పంపవలెను’ అని రాస్తారు. ఏ గ్రామం నుంచైనా కాగితం రాకపోతే ఆ గడిలో సున్న వేయడానికి వీల్లేదు, ఎందుకంటే అక్కడ ఏమీ జరగకపోయి ఉండవచ్చు, అంతా కొట్టుకుపోయి కబురు తెచ్చే దారే లేకపోయి ఉండవచ్చు. అందుకని ఒక మనిషిని సైకిలెక్కించి పంపేవారు. రిజిస్టరులో ఖాళీగా వదిలిన గడి కనిపిస్తే నాన్నగారు భోజనానికి కూడా లేచేవారు కాదని అమ్మ ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇచ్చే ఈసీ, అంటే ఆస్తి మీద నమోదైన లావాదేవీలను చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ సంగతీ ఇంతే. ఆస్తి మీద ఏ లావాదేవీ లేకపోయినా వాళ్లు మనల్ని ఉత్త చేతులతో పంపరు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పుస్తకాలు వెదికామని, ఏదీ కనబడలేదని రాసి నిల్ ఈసీ చేతికిస్తారు. బ్యాంకువారు అప్పు ఇచ్చే ముందు అడిగేది ఆ కాగితాన్ని, మన నోటిమాటను కాదు. జీఎస్టీలో నెలంతా ఒక్క బిల్లు కూడా రాయని దుకాణదారుడు సైతం నిల్ రిటర్ను వేయాలి, వేయకపోతే రోజుకు 20 రూపాయల చొప్పున ఆలస్య రుసుము పడుతుంది. వ్యాపారం లేకపోవడానికి కాదు ఆ రుసుము, లేదని చెప్పకపోవడానికి. రిటర్న్ అనే మాట రెండు చోట్లా ఒకటే కావడం కాకతాళీయమే అయినా, పిల్లలకు గుర్తుండిపోతుందని పాఠంలో దాన్ని నేను నిర్మొహమాటంగా వాడుకుంటాను.

ఇక నా స్వంత తప్పు. కొన్నేళ్ల కిందట విడవలూరు వైపు రొయ్యల రైతులకు మేత అరువిచ్చే ఒక డీలరు కోసం నేనూ ఒక మిత్రుడూ కలిసి చిన్న ప్రోగ్రాము రాశాం. రొయ్యల గుంటకు మేత వేసేటప్పుడు అందులో కొంచెం చెక్ ట్రేలో పెట్టి నీళ్లలోకి దించుతారు. గంటన్నర, రెండు గంటలు పోయాక పైకి ఎత్తి చూస్తారు. ట్రే ఖాళీ అయితే రొయ్యలు తిన్నట్టు, తర్వాతి పూట మేత కాస్త పెంచవచ్చు. మిగిలితే తగ్గించాలి, లేకపోతే మిగిలిన మేత అడుగున కుళ్లి నీరు చెడిపోతుంది. గుంటల దగ్గర ఉండే కుర్రవాళ్లు ఆ మిగులు ఎంతో ఫోన్లో నమోదు చేస్తే, తెల్లవారుజామున నాలుగింటికి మా ప్రోగ్రాము గుంటల వారీగా ఆ రోజు మేత పట్టీ తయారుచేసి డీలరు గోడౌనుకు పంపాలి. గుంట నంబరు ఇస్తే ముందు రోజు ట్రే రీడింగులన్నిటినీ లిస్టుగా ఇచ్చే మెథడ్ రాసింది నేను. రీడింగులు లేకపోతే నల్ అని రాశాను. నేను చదువుకున్నప్పుడూ అచ్చం మీ పేజీలో వచ్చిన జవాబే చెప్పారు. ఆ మెథడ్‌ను నా మిత్రుడు ఆరు చోట్ల వాడాడు. ఐదు చోట్ల నల్ అవునో కాదో ముందు చూసుకున్నాడు, ఆరో చోట మరిచిపోయాడు.

రెండు నెలలు ఏ చిక్కూ రాలేదు, ఎందుకంటే నమోదైన గుంటలన్నిటిలోనూ రొయ్యలు ఉన్నాయి, రోజూ ఎవరో ఒకరు ట్రే ఎత్తుతూనే ఉన్నారు. నల్‌లోని అసలు ప్రమాదం ఇదే. పరీక్షించేవాళ్లు వేసుకునే డేటాలో అన్నీ నిండుగా ఉంటాయి కనుక టెస్టింగులో అది బయటపడదు. తర్వాత ఒక రైతు, పట్టుబడి అయిపోయిన రెండు గుంటలను ఎండగట్టి, మళ్లీ నీరు పెట్టి, సీడ్ (రొయ్య పిల్లలు) ఇంకా వేయకముందే కొత్త పంట కింద నమోదు చేయించాడు. మర్నాడు తెల్లవారుజామున లూపు పద్నాలుగో గుంట దగ్గర పడిపోయింది. పదమూడు గుంటల పట్టీ అచ్చయింది, ఆ తర్వాతి ఇరవై పైచిలుకు గుంటలు పట్టీలోనే లేవు. అది సగంలో తెగిన పట్టీ అని గోడౌను మనిషికి తెలిసే దారి లేదు. ఉన్న పదమూడింటికీ బస్తాలు ఎత్తించి పంపి, టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఆరున్నరకు ఫోన్లు మొదలయ్యాయి. ‘ఏంది సార్, మా రొయ్యలకు ఇయాల ఏకాదశా?’ అని ఒక రైతు అడిగిన మాట నేను ఇంకా మరిచిపోలేదు.

మరిచిపోయింది మిత్రుడు కదా అని ఆ రోజు నేను అతడి మీద ఎగిరాను. కాస్త నెమ్మదించాక చూస్తే తప్పు నాదే. ఆరు చోట్ల జాగ్రత్తపడవలసిన అవసరాన్ని పుట్టించింది నా మెథడ్‌లోని ఒక్క వరుస. అదే వరుసలో నేను ఖాళీ లిస్టు ఇచ్చి ఉంటే అతడు ఒక్క చోట కూడా జాగ్రత్తపడనక్కరలేదు, మరిచిపోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఆ వరుస మార్చాం, పట్టీ పూర్తిగా వచ్చింది. కాని ఆ వెనకే ఇంకో తప్పు కాచుకుని ఉంది. ‘నల్ వద్దు, ఖాళీ లిస్టు ముద్దు’ అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకునేవారు దీని గురించి మాట్లాడరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మిగులు సగటు కట్టే చోట సున్నతో భాగహారం జరగకుండా మిత్రుడు ముందే ఒక కాపు పెట్టాడు: రీడింగుల సంఖ్య సున్న అయితే సగటు కూడా సున్న. సగటు మిగులు సున్న అంటే ట్రేలు శుభ్రంగా ఖాళీ అయ్యాయని మా ప్రోగ్రాము లెక్క. ఇంకేముంది, ఒక్క రొయ్యా లేని ఆ రెండు గుంటలకు మేత పెంచమని సిఫారసు చేసింది. రైతు నవ్వి ఊరుకున్నాడు కనుక సరిపోయింది గాని, రొయ్యలు ఉండి, కుర్రవాడు ఆ రోజు ట్రే ఎత్తకుండా ఊరికి వెళ్లిన గుంటకు అదే సిఫారసు వెళ్లి ఉంటే నవ్వే పని కాదు. ఖాళీ ట్రే వేరు, ఎత్తి చూడని ట్రే వేరు. ఇప్పుడు పట్టీలో అలాంటి గుంట ఎదురుగా అంకె రాదు, ‘ట్రే చూడలేదు’ అని వస్తుంది.

రీడింగుల లిస్టు ఖాళీగా ఉంటే మొత్తం సున్న అనడం న్యాయం, సగటు సున్న అనడం అబద్ధం. జావా 8 రూపొందించినవారు దీన్ని గుర్తించినట్టే ఉన్నారు. అందులో అంకెల స్ట్రీమును, అంటే వరసగా వచ్చే అంకెల ప్రవాహాన్ని సగటు అడిగితే నేరుగా అంకె రాదు, విలువ ఉండవచ్చు లేకపోవచ్చు అని పైనే రాసి ఉన్న ఆప్షనల్‌డబుల్ వస్తుంది. డేటాబేసును ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో ఏ వరుసా దొరకని చోట కౌంట్ అడిగితే సున్న, సగటు అడిగితే నల్ వస్తుంది. మొత్తం అడిగినా అక్కడ నల్లే రావడం మాత్రం నాకు ఇన్నేళ్లయినా మింగుడుపడదు. ఒక్క విలువను వెదికి ఇచ్చే మెథడ్‌కు, అంటే నంబరు ఇస్తే ఒక ఖాతాదారుడిని వెదికి ఇచ్చేదానికి, ఖాళీ లిస్టు సూత్రం వర్తించదు. అక్కడ 2014లో జావా 8తో వచ్చిన ఆప్షనల్ వాడటం మేలు. లిస్టునే ఆప్షనల్‌లో చుట్టి ఇచ్చేవారినీ చూశాను. సంచిని ఇంకో సంచిలో పెట్టి ఇవ్వడం అది.

మెమరీ వృథా అన్న కారణానికి ఎక్కువ చోటు అక్కరలేదు. జావాతో పాటే వచ్చే కలెక్షన్స్ అనే క్లాసులో (మెథడ్లను ఒకచోట పెట్టిన కట్టలో) ఎంప్టీలిస్ట్ అనే మెథడ్ 2004లో వచ్చిన జావా 5 నుంచీ ఉంది. దాన్ని లక్షసార్లు పిలిచినా ముందే తయారై ఉన్న ఒకే ఖాళీ లిస్టును అందరికీ ఇస్తుంది, కొత్తగా ఏదీ పుట్టదు. ఆ లిస్టులో ఎవరైనా ఏదైనా చేర్చబోతే మాత్రం ఒప్పుకోక ఎక్సెప్షన్ ఇస్తుంది. అందరూ పంచుకుంటున్న సంచిలో ఒకరు తమ సరుకు వేయకూడదు కదా. చేర్చవలసినవారు తమకంటూ వేరే లిస్టు తయారుచేసుకోవాలి.

నల్‌కు అంతటి దోషం ఉంటే దాన్ని ఎందుకు పెట్టారని మీ పాఠకులు అడగవచ్చు. క్విక్‌సార్ట్ అనే, అంకెలను వేగంగా వరసలో పేర్చే పద్ధతిని కనిపెట్టిన టోనీ హోర్ 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాష కోసం నల్‌ను ప్రవేశపెట్టారు. అమలు చేయడం చాలా తేలిక కనుక ఆ ఆకర్షణకు లొంగిపోయానని, అది తన బిలియన్ డాలర్ల పొరపాటని 2009లో లండన్‌లో జరిగిన ఒక సదస్సులో ఆయనే చెప్పుకున్నారు. అంతటి మనిషి తన తప్పును అలా ఒప్పుకోవడం నాకు ధైర్యాన్నిస్తుంది; నా మేత పట్టీ సంగతి ఇలా పత్రికకు రాయగలగడానికి అదీ ఒక కారణమే. గూగుల్ 2017లో ఆండ్రాయిడ్ కోసం ఆమోదించిన కోట్లిన్ భాషలో, నల్ వచ్చే అవకాశం ఉన్నదాని టైపు (అది ఏ రకం విలువో చెప్పే పేరు) పక్కన ప్రశ్నార్థకం పెట్టి తీరాలి, దాన్ని చూసుకోకుండా వాడితే, ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలరే దాన్ని వెనక్కి తిప్పి పంపుతుంది. జావాలో ఆ కట్టుబాటు భాషలో లేదు కాబట్టే మనుషులు పెట్టుకోవలసి వస్తోంది.

భాషల మధ్య సరిహద్దు దాటేటప్పుడు మరో చిక్కు ఉంది. గో అనే ప్రోగ్రామింగ్ భాషలో లిస్టును స్లైసు అంటారు, నల్‌ను నిల్ అంటారు. అక్కడ నిల్ స్లైసు ఇంటి లోపల ఉన్నంతసేపు ఖాళీ లిస్టులాగే బుద్ధిగా ఉంటుంది, పొడవు అడిగితే సున్న అంటుంది. కాని దాన్ని జేసన్‌గా (ప్రోగ్రాములు ఒకదానికొకటి వివరాలు పంపుకునే రాత రూపంలోకి) మార్చి బయటికి పంపితే ఖాళీ బ్రాకెట్లుగా కాక నల్‌గా వెళుతుంది. అవతల ఫోన్లో జావాస్క్రిప్టు దాని పొడవు అడిగి పడిపోతుంది. సర్వర్ రాసినవాడు తన వైపు అంతా బాగుందని, యాప్ రాసినవాడు తన వైపు అంతా బాగుందని ప్రమాణం చేస్తారు. ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు కనిపిస్తారు.

నా దగ్గర చదివే ఒక అమ్మాయి మీ జవాబును సమర్థిస్తూ మంచి వాదన చేసింది. ఖాతాదారుడు ఉండి ఆర్డర్లు లేకపోతే ఖాళీ లిస్టు, అసలు ఆ నంబరుతో ఖాతాదారుడే లేకపోతే నల్ ఇస్తే రెండిటికీ తేడా తెలుస్తుంది కదా సార్ అంది. తేడా తెలియాలన్న మాట నిజమే. కాని దాన్ని నల్‌తో చెబితే వినేవాడికి ఏమీ వినపడదు. లేని ఖాతాదారుడి ఆర్డర్లు అడగడం తప్పు ప్రశ్న అయితే, ఫలానా నంబరు లేదని పేరుపెట్టి ఎక్సెప్షన్ ఇవ్వాలి. జావా సొంత లైబ్రరీలోనే ఈ తప్పు ఒకటి ఉంది. పాత ఫైల్ క్లాసులో లిస్ట్‌ఫైల్స్ అనే మెథడ్, ఫోల్డరు ఖాళీగా ఉంటే ఖాళీ అర్రే (లిస్టులాంటిదే) ఇస్తుంది. అడిగింది ఫోల్డరే కాకపోయినా, చదవడంలో ఆటంకం వచ్చినా నల్ ఇస్తుంది. తేడా చూపాలనే చూశారు, కాని ఏ కారణం చేత విఫలమైందో ఆ నల్ చెప్పదు. జావా 7తో వచ్చిన కొత్త పద్ధతిలో, అడిగింది ఫోల్డరు కాకపోతే ఆ మాటే పేరులో ఉన్న ఎక్సెప్షన్ వస్తుంది.

ఈ మాట ఇంత సాగదీయడానికి కారణం ఉంది. నల్ వద్దన్న సలహా విన్న కొందరు కుర్రవాళ్లు దానికి విరుద్ధమైన పొరపాటులో పడుతున్నారు. డేటాబేస్ కనెక్షన్ తెగిపోతే వచ్చే ఎక్సెప్షన్‌ను పట్టుకుని మింగేసి, చడీచప్పుడు లేకుండా ఖాళీ లిస్టు ఇస్తున్నారు. తుఫాను రాత్రి గ్రామం వైపు కన్నెత్తి చూడకుండా ఆఫీసులో కూర్చుని నిల్ రిపోర్టు రాసి సంతకం పెట్టడమే అది. నల్ కనీసం ప్రోగ్రామును పడగొట్టి గోల చేస్తుంది, పదిమందీ లేచి చూస్తారు. ఈ దొంగ నిల్ రిపోర్టు ఎవరినీ లేపదు. ఈ మధ్య ఒక ఆన్‌లైన్ పేజీలో మా పొలం సర్వే నంబరు కొడితే ‘రికార్డులు లేవు’ అని వచ్చింది. అమ్మ గుండె గుభేలుమంది. నాన్నగారు బీరువాలోంచి పాత పాస్‌బుక్కు తీసి ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా మాట్లాడకుండా కూర్చున్నారు. సాయంత్రం మళ్లీ కొడితే అన్ని ఎకరాలూ యథాస్థానంలో ఉన్నాయి. పొద్దున సర్వర్ పనిచేయలేదన్నమాట. ‘ఇప్పుడు వివరాలు తీయలేకపోయాం, తర్వాత ప్రయత్నించండి’ అని ఒక్క వాక్యం వచ్చి ఉంటే ఆ పూట మా ఇంట్లో అన్నం వండేవారు. వాళ్ల ప్రోగ్రాము లోపల ఏముందో నేను చూడలేదు గాని, ఆ వరుస ఎలా ఉండి ఉంటుందో ఊహించగలను, ఎందుకంటే అలాంటివి నేనే చాలాసార్లు సరిదిద్దాను.

కాబట్టి వచ్చే వారం ఆ జవాబును సవరించి ఇలా వేయవలసిందిగా కోరుతున్నాను: ‘ఆర్డర్లు లేకపోతే ఖాళీ లిస్టు రిటర్న్ చేయాలి. ఉన్నాయో లేవో కనుక్కోలేకపోతే ఎక్సెప్షన్ ఇవ్వాలి. నల్ ఇవ్వకూడదు.’ పాత జవాబు పట్టిన చోటులోనే ఇదీ దాదాపుగా పడుతుంది. పిల్లలు పాత కత్తిరింపు మీదే దీన్ని అంటించుకుంటామన్నారు. గమ్ము సీసా మా ఇంట్లో సిద్ధంగా ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
నెల్లూరు.